కొలతచెక్క

స్టాక్ రిజిస్టరులో దాని పేరు
"చేపలు కొలుచు చెక్క, టేకు, ఒకటి."
తొంభై ఒకటిలో కొన్నది. ధర నూట నలభై.
టేకంటే మా పూడిమడకలో చేప కూడా,
చాటంత వెడల్పు, తోకకి ముల్లు.
మద్రాసులో ఈ మాటకి నవ్వేవాళ్ళు దొరకలేదు నాకు.

రేపటితో సర్వీసు ఐపోతుంది.
ఇవాళ దీన్ని నా చేత్తో నేనే
పనికిరాని సామాన్ల జాబితాలోకి దించాలి.

మొదటిరోజు కాశిమేడులో తెల్లవారుజాము మూడున్నర.
ఐసు నీళ్ళు చెప్పుల్లోకి.
ప్యాంటేసుకున్న ఆడపిల్ల చేప తోక సాగదీసి చూస్తోందని
వేలంపాట ఒక్క నిమిషం ఆగింది.
గంప మీంచి లేవకుండానే ఏదో అంది దేశమ్మ, అరవంలో.
నాకప్పటికి అరవంలో అంకెలే వచ్చు.
పక్కనున్న నెల్లూరాయన నవ్వాపుకుంటూ తెలుగు చేశాడు:
"కొనవటగా? కొననిదానికి కొలతలెందుకూ,
దానికేమైనా పెళ్ళిచొక్కా కుడతావా అంటోంది."

మూతి సున్నాకి ఆనించాలి.
తోక ఎక్కడ ఆగితే అక్కడో గీత.
కానాగంతలు, సావళ్ళు, వంజరం, చందువా,
పెన్సిల్‌తోనే. సిరా తడికి నిలవదు.
రాయపురం బస్సులో నా పక్క సీటు
ముప్పై ఏళ్ళు ఖాళీగానే తిరిగింది.

గొరక తల చీలిస్తే చెవుల్లో రెండు రాళ్ళుంటాయి.
అరగదీసి దీపం కింద పెడితే
మానుకి ఉన్నట్టే ఏడాదికో వలయం.
దేశమ్మని ఒకసారి ల్యాబుకి తీసుకొచ్చి చూపించాను.
భూతద్దానికి కన్నానించి చాలాసేపు లేవలేదు.
"ఎన్నేళ్ళు దీనికి?"
"ఒకటి. రెండోది పడుతోంది."
"గుడ్లు పెట్టిందా?"
"ఇంకా లేదు."
చీర కొంగుతో అద్దం తుడిచి, పోయొస్తానంది.
ఆ పూట నాతో ఇంకేమీ మాట్లాడలేదు.

వల కన్ను ఇంత ఉండాలని రాశాను.
టైపుమిషను మీద రాశాను, కంప్యూటర్ మీద రాశాను,
ముగ్గురు మంత్రులకి రాశాను.
అదే పేరా. ఒక్క తేదీయే ఎదిగింది అందులో.

తర్వాత తీరం కమిటీలో వేశారు నన్ను.
పోటు ఎంతవరకు వస్తుందో మ్యాపు మీద ఎర్రగీత గీయాలి.
అటు రేవు గోడ, ఇటు కొట్టుకుపోతున్న ఇసుక.
లెక్క కట్టాను, మళ్ళీ కట్టాను.
గీత దేశమ్మ వంటింట్లోంచి పోయింది,
పొయ్యి సముద్రానికి, గుమ్మం ఊరికి.

చెప్పడానికి నేనే వెళ్ళాను. అప్పటికి అరవం వచ్చేసింది నాకు.
పులుసు గరిటె పట్టుకునే వింది.
"సముద్రం ఇంకా రాలేదే.
నువ్వు ముందొచ్చావు."

మూడో ఏడు కార్తీకంలో సముద్రమూ వచ్చింది.
గీత సెంటీమీటర్లతో సహా సరిపోయిందని
కమిటీ మినిట్స్‌లో నన్ను మెచ్చుకున్నారు.
దేశమ్మకి నాలుగో అంతస్తు ఇచ్చారు, తొండియారుపేట అవతల.
అక్కడి కిటికీలోంచి వాటర్ ట్యాంకు కనిపిస్తుంది.
చనిపోయేదాకా దాని వైపే కుర్చీ వేసుకుని కూర్చునేదని
కోడలు సెల్వి చెప్పింది.

ఇప్పుడు చెక్క నా బల్ల మీద ఉంది.
సున్నా దగ్గర మూతులు రాసుకుని రాసుకుని గుంట.
పది నుంచి ఇరవై దాకా అంకెలే లేవు, తడిమితే నున్నగా ఉంది.
ముప్పై దగ్గర గీతలు కాస్త తేలతాయి.
అరవై దాటాక
కొన్ననాటి వార్నిష్ అలాగే మెరుస్తోంది,
నా మొహం కనిపించేంత.

"తొలగింపునకు కారణం" అని ఒక గడి.
"అరుగుదల" అని రాసి సంతకం పెట్టాను.
ఎక్కడ అరిగిందో రాయడానికి అందులో చోటు లేదు.

ఎల్లుండీ మూడున్నరకే మెలకువొస్తుంది, తెలుసు.
వెళ్తాను. చేతుల్లో ఏమీ ఉండదు.
సెల్వి గంప ముందు కూర్చుని
అరకిలో నెత్తళ్ళు కొంటాను.
అవి అంతే ఉంటాయి, పెద్దయినా.